మాథమెటికా నుంచి సింపై లోకి: నాలుగేళ్ళు వాడాక

నేను రోబో చేతుల లెక్కలు చేస్తాను. మా టీమ్‌లో పాత ఫార్ములాలన్నీ మాథమెటికాలో (అంకెలతోనే కాక ఎక్స్, వై లాంటి అక్షరాలతోనూ లెక్కలు చేసే, డబ్బు కట్టి వాడే సాఫ్ట్‌వేర్) ఉండేవి, ఒక్కోటి రెండు మూడు పేజీల పొడవు. లైసెన్స్ రెన్యూ చేయబోమని చెప్పాక వాటన్నిటినీ పైథాన్‌లో అదే పని చేసే ఉచిత లైబ్రరీ సింపైకి మార్చే పని నా నెత్తిన పడింది. అప్పట్నుంచి నాలుగేళ్ళుగా ఇదే పని, మధ్యలో మాక్సిమా అనే ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ కూడా తోడైంది.

మొదట్లో తెలివి ఎక్కువై సొంతంగా ఒక స్క్రిప్ట్ రాసుకున్నా. చదరపు బ్రాకెట్లు తీసి మామూలు బ్రాకెట్లు పెట్టడం, పెద్దక్షరాలు చిన్నవి చేయడం, అంతే కదా అనుకున్నా. అంతా రన్ అయింది, ఎర్రర్ ఒక్కటీ లేదు, కానీ సిమ్యులేషన్‌లో మోచేయి ఉండాల్సిన వైపు కాకుండా ఇంకో వైపు తిరిగింది. రెండు రోజులు కూర్చుంటే దొరికింది: మాథమెటికాలో ఆర్క్‌టాన్‌కి (ఎక్స్, వై ల నుంచి కోణం చెప్పే ఫంక్షన్) రెండు విలువలిస్తే ముందు ఎక్స్, తర్వాత వై. పైథాన్‌లో అదే పని చేసే ఏటాన్2 లో ముందు వై, తర్వాత ఎక్స్. నేను పేరు మార్చాను గానీ వరస మార్చలేదు. టెస్ట్ చేయలేదా అంటే చేశాను, ఎక్స్, వై రెండిటికీ 1 ఇచ్చి! ఎటు తిప్పినా 45 డిగ్రీలే వస్తుంది మరి. లాగ్‌ది (లాగరిథమ్) కూడా ఇదే గొడవ, మాథమెటికాలో బేస్ ముందు, సింపైలో వెనక.

ఆ దెబ్బతో స్క్రిప్ట్ పక్కన పడేసి మాథమెటికా టెక్స్ట్‌ని చదివి సింపై ఫార్ములాగా మార్చే, సింపైలోనే ఉన్న పార్స్_మాథమెటికా ఫంక్షన్‌కి మారాను (1.11 వెర్షన్‌లో వచ్చింది, అంతకు ముందున్న పాతది ఇప్పుడు వాడొద్దంటారు). ఈ రెండు వరసలూ అదే సరిగ్గా తిప్పేస్తుంది. పెద్ద ఎక్స్‌ప్రెషన్ ఇస్తే మాత్రం ఓపిక కావాలి, టీ తాగి రావచ్చు. మ్యాట్రిక్స్ మొత్తం ఒకేసారి పెట్టకుండా ఒక్కో గడి విడిగా పంపిస్తే కాస్త నయం. తిరిగి మాథమెటికాకి పంపడానికి మాథమెటికా_కోడ్ ఉంది, దానితో నాకు పెద్దగా ఇబ్బంది రాలేదు.

నన్ను ఎక్కువ ఏడిపించింది అజంప్షన్స్, అంటే ఒక అక్షరం ఎలాంటి సంఖ్యో ముందే చెప్పి పెట్టడం. పొడవులు పాజిటివ్ అని సింపైలో ముందే చెప్పి సింబల్ (ఫార్ములాలోని అక్షరం) తయారు చేసుకుంటాం. పార్స్_మాథమెటికాలోంచి వచ్చిన ఎక్స్‌కి ఆ సంగతి తెలియదు, కాబట్టి పేరు ఒకటే అయినా సింపై దృష్టిలో ఇవి రెండు వేరు వేరు ఎక్స్‌లు. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే సున్నా రాదు, ప్రింట్ చేస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, పిచ్చెక్కుతుంది. అందుకే పార్స్ అవ్వగానే పేరు చూసి పాత సింబల్స్ స్థానంలో నావి పెట్టేస్తున్నాను. ఫార్ములాని ఫైల్లో దాచుకోవడానికి కూడా మామూలు స్ట్రింగ్ వద్దు, సింపైలోని ఎస్‌రెప్ర్ ఫంక్షన్ ఇచ్చే టెక్స్ట్ వాడండి, అందులో పాజిటివ్ అన్న మాట కూడా రాసి ఉంటుంది.

మాక్సిమా ఉచితం, ఇంటిగ్రేషన్‌లో కొన్నిసార్లు సింపై కంటే ముందుంటుంది, కానీ అక్కడ్నుంచి తెచ్చేటప్పుడు శాతం గుర్తులు (పై, ఈ, ఐ ల ముందు ఉండేవి) తీసేయాలి. బీటా, గామా అని కోణాలకి పేర్లు పెట్టుకుంటే సింపిఫై (టెక్స్ట్‌ని సింపై ఫార్ములాగా మార్చే ఫంక్షన్) వాటిని ఫంక్షన్లనుకుని ఎర్రర్ ఇస్తుంది. ఇస్తే మంచిదే, కనీసం తెలుస్తుంది. మైనస్ 8 కి ఘనమూలం అడిగితే మాక్సిమా మైనస్ 2 అంటుంది, సింపై కాంప్లెక్స్ సంఖ్య ఇస్తుంది. ఇక్కడ మాత్రం ఏ ఎర్రరూ రాదు, ఎవరూ అరవరు. ఇంకో మాట, సింపిఫై లోపల ఇవాల్ (ఇచ్చిన టెక్స్ట్‌ని కోడ్‌గా నడిపేసే పైథాన్ ఫంక్షన్) నడుస్తుంది, బయటివాళ్ళు పంపిన టెక్స్ట్ దానికి పెట్టకండి.

ఇప్పుడు ప్రతి ఫార్ములాకీ ఇరవై రాండమ్ పాయింట్లు, నెగెటివ్‌వి కూడా కలిపి, రెండు వైపులా విలువ కట్టి పన్నెండు అంకెల దాకా పోల్చాకే ముందుకెళ్తున్నా. సేజ్ అనే గణిత సాఫ్ట్‌వేర్ అయితే ఒకే చోట నుంచి ఇవన్నీ పిలుస్తుంది, బాగుంటుంది, కానీ ఈ ఒక్క పనికి అంత పెద్ద ఇన్‌స్టలేషన్ నాకు దండగనిపించింది.

మొన్న ఒక మేపుల్ (ఇలాంటిదే ఇంకో గణిత సాఫ్ట్‌వేర్) ఫైలు వచ్చింది, నిండా ఎలిప్టిక్ ఇంటిగ్రల్సే (మామూలు ఫంక్షన్లలో తేలని ఒక రకం ఇంటిగ్రల్స్). వాటికి మేపుల్‌లో లోపల ఇచ్చే విలువ కె, మాథమెటికాలో, సింపైలో ఇచ్చేది దాని వర్గం. ఇంకా ముట్టుకోలేదు.