ట్రైనింగ్‌కి హైదరాబాద్ పంపడమా, ట్రైనర్‌నే ఇక్కడికి పిలవడమా?

కోనసీమలో చిన్న స్వచ్ఛంద సంస్థలు నడిపేవాళ్లు ఈమధ్య ఎవరు కలిసినా ఇదే అడుగుతున్నారు. ఇదివరకు ఈ ప్రశ్నే లేదు. పెద్ద సంస్థ ద్వారా ప్రాజెక్టు వస్తే దాంతోపాటే ట్రైనింగూ వచ్చేది. 2020లో విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) మారాక, ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ నిధుల్ని ఇంకో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. ఆ నిధుల్లో ఆఫీసు ఖర్చుల పరిమితి కూడా 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. దాంతో ట్రైనింగ్ ఖర్చు మన నెత్తిన పడింది. ఈ ఏడాది మేమూ చాలా తర్జనభర్జన పడి ఒక నిర్ణయానికి వచ్చాం.

హైదరాబాద్ సంగతి ముందు చెబుతాను. ఐదు రోజులు అక్కడే ఉండి నేర్చుకోవడంలో ఒక మేలుంది. మా ఫీల్డ్ వర్కర్ ఒకావిడ రాజమండ్రి దాటి ఎప్పుడూ ఒంటరిగా వెళ్లలేదు. గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లి, వేరే జిల్లాల వాళ్లతో ఐదు రోజులు గడిపి వచ్చాక మండల ఆఫీసులో నిలబడి మాట్లాడే తీరే మారిపోయింది. ఆ ధైర్యం మా ఆఫీసు గదిలో కూర్చుంటే వచ్చేది కాదు. సర్టిఫికెట్ కూడా ఆవిడదే, రేపు ఇంకో ఉద్యోగానికి వెళ్లినా వెంట ఉంటుంది. జీవనోపాధుల మీద పనిచేసేవాళ్లయితే రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ (ఎన్‌ఐఆర్‌డీ) వాళ్ల రూరల్ టెక్నాలజీ పార్క్ ఒక్కసారైనా చూసి రావాలి.

కానీ ఆవిడ తెచ్చిన ఫైలు ఇప్పటికీ బీరువాలోనే ఉంది. తప్పు ఆవిడది కాదు. అక్కడ చేయించిన అభ్యాసాలన్నీ ఎవరిదో ఊరు, ఎవరివో లెక్కలు. తిరిగి వచ్చేసరికి ఐదు రోజుల పని పేరుకుపోయి ఉంది. అది పూర్తయ్యేలోపు నేర్చుకున్నది చల్లారిపోయింది.

అందుకే నా దృష్టిలో అసలు చూడాల్సింది ఒక్కటే. ట్రైనింగ్ జరిగేటప్పుడు బల్ల మీద ఉన్నవి ఎవరి కాగితాలు? మనవే అయితే మర్నాటి నుంచే పని మారుతుంది.

ఆ లెక్కనే ఈసారి నాలుగు సంస్థలం కలిసి, తలా 3,000 వేసుకుని, చాలా ఏళ్లు ఆడిట్ పని చేసిన ఒక పెద్దాయన్ని అమలాపురం పిలిపించాం. నెలకు రెండు రోజులు, మూడు నెలలు. మొదటి రోజే ఆయన స్లైడ్లు పక్కన పెట్టి మా వోచర్ల కట్ట విప్పమన్నారు. అందులో ఒక చీటీ మీద “పడవ ఖర్చు” అని, కింద అంకె, అంతే.

“లంకకి వెళ్లే పడవ వాళ్లు బిల్లు ఇవ్వరండీ” అంది మా ఫీల్డ్ స్టాఫ్‌లో ఒక అమ్మాయి, కాస్త భయంగానే.

“ఇవ్వరు కదమ్మా, అందుకే మీరు రాయాలి. ఏ రోజు, ఏ రేవు నుంచి ఏ లంకకి, ఏ పని మీద, ఎంత. కింద మీ సంతకం, ఆమోదించినవాళ్ల సంతకం.” అని, విజిట్ రిజిస్టర్ తెప్పించి అదే తేదీ పేజీ తెరిచారు. ఆ రోజు లంకలో ఎవరెవరిని కలిసిందో అందులో ఉంది. రిజిస్టర్ పేజీ నంబర్ వోచర్ మీద వేయించారు. రోజూ రాసే రిజిస్టర్ ఎందుకు రాస్తున్నామో ఆ అమ్మాయికి అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఏ రోజు వోచర్ ఆ సాయంత్రమే రాసి పెడుతోంది, నేను అడగక్కర్లేదు.

దీనిలోనూ లోటు ఉంది. సొంత ఆఫీసులో అయితే ఫోన్లు మోగుతూనే ఉంటాయి, మధ్యలో ఎవరో ఒకరు లేచి వెళతారు. అందుకే ఎవరి ఆఫీసులోనూ కాకుండా బయట హాలు తీసుకున్నాం. ఇంకొకటి, వచ్చే మనిషి మంచివాడు కాకపోతే మొత్తం దండగే. ముందు ఒక్క రోజుకి పిలిచి చూడండి.

ఆన్‌లైన్ గురించి ఎక్కువ చెప్పను. చట్టం, ఫారాలు తెలుసుకోవడానికి అది చాలు. విదేశీ నిధుల లెక్క చెబుతూ ఏటా డిసెంబర్ 31లోపు వేయాల్సిన ఎఫ్‌సీ-4 కానీ, 2021 నుంచి కంపెనీల నిధులకు తప్పనిసరైన సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్ కానీ, అకౌంటెంట్ ఒక్కరు రెండు గంటలు కూర్చుంటే సరి. ఫీల్డ్ స్టాఫ్‌కి మాత్రం కష్టం. చాలా కోర్సులు ఇంగ్లీషులోనే ఉంటాయి, పైగా సాయంత్రం ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ పిల్లల చదువుకే. దూరవిద్యలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) చేస్తామంటే చేయనివ్వండి, సెలవులిచ్చి సాయపడండి. అది వాళ్ల భవిష్యత్తు కోసం, సంస్థ ట్రైనింగ్ లెక్కలో వేయకండి.

ఏడాదికి ఒక్కరినైనా హైదరాబాద్ పంపడం మేం మానం. బయటి ఊరు చూడనివాళ్లకే ముందు అవకాశం. మిగిలిన డబ్బంతా అమలాపురం హాలుకే.

తేదీలు మాత్రం చూసి పెట్టుకోండి. జులై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులకు చేరి మొదటి హెచ్చరిక పడితే మన వాళ్లంతా లంకల్లోనే ఉంటారు. మా తర్వాతి విడత జూన్ మొదటి వారంలో. ఇంకో రెండు సంస్థలకు చోటుంది. వచ్చేవాళ్లు విజిట్ రిజిస్టరు, మూడు నెలల వోచర్లు ఎలా ఉన్నవి అలాగే తెచ్చుకోండి, సర్దవద్దు.