ఎస్‌బిల్డ్‌తో కొన్నేళ్లు: బిల్డ్ ఎందుకు ఆగిందో వెతకడం

డెబియన్ (ఒక లినక్స్ సిస్టమ్) ప్యాకేజీలు సొంతంగా కంపైల్ చేసుకునేవాళ్లకి ఎస్‌బిల్డ్ వాడమనే చెబుతాను. ప్యాకేజీని మన సిస్టమ్‌తో సంబంధం లేకుండా విడిగా బిల్డ్ చేసే టూల్ అది. మొదట్లో తిట్టుకోవడం మాత్రం ఖాయం. డెబియన్ మామూలు బిల్డ్ కమాండ్ డీపీకేజీ-బిల్డ్‌ప్యాకేజ్‌తో మన సిస్టమ్‌లో హాయిగా పూర్తయ్యే బిల్డ్, ఇక్కడికి రాగానే ఫలానా హెడర్ ఫైల్ లేదంటూ ఆగిపోతుంది. ఆ లైబ్రరీ డెవ్ ప్యాకేజీని (హెడర్లు ఉండేదాన్ని) మనం ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసి మర్చిపోయుంటాం, బిల్డ్-డిపెండ్స్‌లో (బిల్డ్‌కి కావాల్సిన ప్యాకేజీల జాబితాలో) దాని పేరుండదు. ప్రతిసారీ కొత్త క్రూట్‌లో (మన సిస్టమ్ నుంచి వేరుగా ఉండే చిన్న డెబియన్‌లో) మొదలవుతుంది కాబట్టి ఎస్‌బిల్డ్ దగ్గర ఆ లోపం దాగదు.

అసలు టెన్షన్ లాగ్‌తోనే, అంటే బిల్డ్ రాసిపెట్టే రికార్డుతోనే. చివర్లో 'ఫెయిల్-స్టేజ్' చూస్తే తగాదా డిపెండెన్సీలదా, బిల్డ్‌దా అన్నది తేలుతుంది. బిల్డ్‌దైతే మాత్రం కింది లైన్లలో 'ఎర్రర్ 2' తప్ప ఏమీ ఉండదు, అసలు తప్పు వందల లైన్ల పైన ఎక్కడో ఉంటుంది. ప్యారలల్‌ని (ఒకేసారి నడిచే పనుల సంఖ్యని) 1కి తగ్గించి మళ్లీ నడిపితే మెసేజ్‌లు కలగాపులగం కావు. సీసీ1ప్లస్ (సీ++ కంపైలర్) 'కిల్డ్' అని వస్తే కోడ్ జోలికి పోనక్కర్లేదు. దాదాపు ఎప్పుడూ ర్యామ్ చాలక కెర్నల్ చేసిన పనే అది.

డెబియన్ 13కి మారాక పాత సీ ప్యాకేజీలు వరసగా ఫెయిలయ్యాయి. అందులోని కంపైలర్ జీసీసీ 14, డిక్లేర్ చేయని ఫంక్షన్‌ని పిలిస్తే ఇదివరకటిలా వార్నింగ్‌తో వదలదు, ఎర్రరే ఇస్తుంది. ఫ్లాగ్ పెట్టి నోరు మూయించొచ్చు గానీ నాకది నచ్చదు: పాయింటర్ (మెమరీ అడ్రస్) తిరిగిచ్చే ఫంక్షన్‌ని కంపైలర్ ఇంట్ (పూర్ణాంకం) ఇచ్చేదనుకుంటే 64 బిట్ మెషిన్‌లో సగం అడ్రస్ పోయి, ప్రోగ్రాం నడిచేటప్పుడు క్రాష్ అవుతుంది. చాలావాటికి ఒక్క ఇన్‌క్లూడ్ లైన్‌తో ప్యాచ్ సరిపోయింది.

నాకు బాగా పనికొచ్చింది, బిల్డ్ ఫెయిలైన చోటే ఆ క్రూట్ లోపల షెల్ తెరిచే ఆప్షన్. లాగ్‌లో గంట వెతికినా దొరకనిది అక్కడ కాన్ఫిగ్.లాగ్ (కాన్ఫిగర్ దశ రికార్డు) తెరవగానే కనిపిస్తుంది. ఇదెందుకు డిఫాల్ట్‌గా ఉండదో మరి!

ఎస్‌బిల్డ్ అన్‌షేర్ మోడ్‌లో (రూట్ హక్కుల్లేకుండా క్రూట్ నడిపే పద్ధతిలో) బిల్డ్‌కి నెట్ అందదు, డౌన్‌లోడ్‌పై ఆధారపడే టెస్టులు పడిపోతాయి. డెబియన్ నియమమూ అదే కాబట్టి దాన్ని తప్పు పట్టను. ప్రతిసారీ డిపెండెన్సీలన్నీ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం మాత్రం నిజంగా విసుగు. అందుకే ప్యాచ్ కుదిరేదాకా మామూలు సిస్టమ్‌లో డీపీకేజీ-బిల్డ్‌ప్యాకేజ్‌ని క్లీన్ చేయొద్దనే ఆప్షన్‌తో నడుపుకుంటాను, ఎస్‌బిల్డ్‌ని ఆఖర్లో పిలుస్తాను.