జీపీఎస్సా, డీజిల్ సెన్సారా, ఎలక్ట్రిక్ ఆటోనా?

వాటర్ ప్లాంటు, కిరాణా హోల్‌సేల్, బేకరీ... ఒకటి రెండు టాటా ఏస్‌లు తిప్పే వాళ్లంతా అడిగేది ఇదే. డీజిల్ ఖర్చు తగ్గాలంటే బండికి జీపీఎస్ పెట్టించాలా, ట్యాంకులో డీజిల్ ఎంతుందో కొలిచే సెన్సార్ వేయించాలా, ఏకంగా ఎలక్ట్రిక్ లోడ్ ఆటోకి మారిపోవాలా?

సెన్సార్ అమ్మేవాళ్లు ముందుగా ఎత్తేది డీజిల్ దొంగతనం మాట. ఓనర్ అనుమానమూ అదే కాబట్టి బేరం త్వరగా తెగుతుంది. కానీ చూడాల్సింది ట్యాంకు సైజు. ఏస్ ట్యాంకులో పట్టేది ముప్పై లీటర్లు. బండి వాలులో ఆగినా, స్పీడ్ బ్రేకర్ ఎక్కినా లోపల డీజిల్ ఒక పక్కకు ఒరిగి రీడింగ్ అటూ ఇటూ అవుతుంది. అంత చిన్న ట్యాంకులోంచి ఎవరైనా తీసినా లీటరో, రెండు లీటర్లో. ఆ ఊగిసలాటలో దాన్ని పట్టుకోవడం కష్టం. పైగా ట్యాంకుకు రంధ్రం పెట్టాలి, కొలిచి డీజిల్ పోస్తూ కాలిబ్రేషన్, అంటే సెన్సార్ రీడింగ్‌ని అసలు లీటర్లతో సరిచూసుకోవడం, చేయించాలి. వందల లీటర్లు పట్టే లారీలకైతే పనికొచ్చే వస్తువే.

నా ఓటు జీపీఎస్‌కి, అదీ ఇగ్నిషన్ వైరుకు (తాళం తిప్పితే కరెంటు వచ్చే వైరు) కలిపే రకానికి. అయస్కాంతంతో అతికించే రకం బండి ఎక్కడుందో చెబుతుందంతే, ఇంజిన్ ఆన్‌లో ఉందో లేదో దానికి సరిగ్గా తెలియదు. మనకు కావాల్సింది ఐడిల్ రిపోర్టు, అంటే బండి కదలకుండా ఇంజిన్ తిరిగిన సమయం. మా బండి రిపోర్టు తెరిస్తే దాదాపు ప్రతి షాపు దగ్గరా ఐడిల్ చూపించే ఎర్ర గీతే. డ్రైవర్‌ని అడిగితే, "బ్యాటరీ వీకుగా ఉంది సార్, ఆపితే సెల్ఫ్ తీసుకోవట్లేదు. తోయడానికి పక్కన మనిషి కూడా ఉండడు" అన్నాడు. కొత్త బ్యాటరీ వేయించాక ఆ గీతలు చాలావరకు పోయాయి. అదే సెన్సార్ అయితే డీజిల్ తగ్గిందని మాత్రమే చెప్పేది, అనుమానమంతా అతని మీదికి పోయేది. అన్నట్టు, జీపీఎస్ పెడుతున్నట్టు డ్రైవర్‌కి ముందే చెప్పండి.

కిలోమీటరు లెక్కన ఎలక్ట్రిక్‌కి తిరుగులేదు. మహీంద్రా ట్రియో జోర్ అనే ఎలక్ట్రిక్ లోడ్ ఆటో బ్యాటరీ 7.37 యూనిట్లు, కంపెనీ చెప్పే రేంజ్ 80 కి.మీ. యూనిట్ పది రూపాయలనుకున్నా కిలోమీటరుకు రూపాయికి అటూ ఇటూ. లీటరుకు 18 కి.మీ. ఇచ్చే డీజిల్ బండికి, లీటరు 95 వేసుకున్నా, ఐదు రూపాయలు దాటుతుంది. అయితే ఏస్ మోసినంత బరువు ఆటో మోయదు, రాత్రి ఛార్జింగ్‌కి సొంత చోటు ఉండాలి. టౌన్‌లోనే రోజూ ఒకే రూట్ తిరిగేవాళ్లు రెండో బండి కొనాల్సి వస్తే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. బాగా నడుస్తున్న ఏస్‌ని అమ్మేసి మరీ కొంటే మాత్రం మిగిలిందంతా ఈఎంఐకే పోతుంది.

సీఎన్‌జీ సంగతి, మీ దారిలో బంకు ఉంటేనే ఆలోచించండి, క్యూలో గంట పోతే లాభం లేదు. గూగుల్ మ్యాప్స్ ఉచితమే, స్టాపులు వరసగా పెట్టుకోవచ్చు గానీ ఏ షాపు ముందో, ఏది తర్వాతో అది సర్దిపెట్టదు. ఆ వరస మీ డ్రైవర్‌నే అడగండి.