వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్: ఐదేళ్లు దాటి వాడాక

నేను అంబులెన్స్‌లో ఈఎంటీని, అంటే ఆసుపత్రికి చేర్చేలోగా అత్యవసర చికిత్స చేసే మనిషిని. శ్రీకాకుళం జిల్లాలో పలాస, మందస, సోంపేట వైపు ఎక్కువ తిరుగుతాం. కరోనా వచ్చిన 2020లో సొంత డబ్బు 1,800 రూపాయలు పెట్టి, రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చూపించే ఈ పల్స్ ఆక్సీమీటర్ కొనుక్కున్నాను. బండిలో మానిటర్ ఉంది, కాదనను, కానీ జీడితోటలో పడి ఉన్న మనిషి దగ్గరికి గట్లెక్కి పరుగెత్తేటప్పుడు జేబులో పట్టేది ఇదొక్కటే. రెండుసార్లు కింద పడింది, క్లిప్పు స్ప్రింగు కాస్త వదులైంది, అయినా మానిటర్ పక్కన పెట్టి చూస్తే ఒకటి రెండు అంకెల తేడా అంతే. వస్తువుకి నేను వంక పెట్టను. నాకు భయమల్లా అందులో 98 చూడగానే మన మనసు నెమ్మదించేస్తుందే, దాని గురించే.

ఒక వానాకాలం తెల్లవారుజామున ఒక ఊరికి వెళ్లాం. పాతికేళ్ల కుర్రాడు, రాత్రి నేల మీద పడుకున్నాడు, కడుపునొప్పితో లేచి వాంతి చేసుకున్నాడట. వేలికి పెడితే 98. నాడి 92. బీపీ 130/80. "ఏటి బాబూ, బాగానే ఉందా?" అని వాళ్లమ్మ నా మొహంలోకి చూస్తోంది, బాగానే ఉందమ్మా అనే మాట నోటి చివరిదాకా వచ్చింది. కానీ ఆ కుర్రాడి కనురెప్పలు సగం వాలి ఉన్నాయి, పైకి చూడమంటే నుదురంతా ముడిచి ప్రయత్నిస్తున్నాడు గాని రెప్పలు లేవడం లేదు. ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి లెక్కపెట్టమన్నాను. పదకొండు దగ్గర ఆగాడు. కాసేపటికి బండిలో మళ్లీ అడిగితే ఏడు. ఆక్సీమీటర్ మాత్రం 97, 98 అనే చూపిస్తోంది. పాముకాటేమోనని ఒళ్లంతా వెతికినా కాటు కనబడలేదు, కట్లపాము కరిస్తే అలా కనబడకపోవడం మామూలే, నొప్పి కూడా పెద్దగా ఉండదు. ఊపిరి లాగే కండరాలు నీరసపడిపోతున్నా రక్తంలో ఆక్సిజన్ చాలాసేపు నిలుస్తుంది, అందులోనూ మనం మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇస్తుంటే ఆ అంకె ఇంకా ఆలస్యంగా పడుతుంది, పడేసరికి మన చేతిలో టైం ఉండదు. దారిలోనే ఆసుపత్రికి ఫోన్ చేశాం, గుమ్మంలోకి వెళ్లేసరికి గొంతులోకి ఊపిరి గొట్టం వేయడానికి సిద్ధంగా ఉన్నారు. బతికాడు.

అప్పటి నుంచి ఆక్సీమీటర్ తగిలించినా దాని మీద నుంచి కళ్లు తీసి ఛాతీ మీద పెట్టి ఊపిరి లెక్కపెడతాను. నిండా ఒక నిమిషం. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయడం నేనూ చేశాను, తప్పు. పెద్దవాళ్లకి నిమిషానికి 12 నుంచి 20 మామూలు, 25 దాటితే మిగతా అంకెలన్నీ బాగున్నా నేను నమ్మను. ఊపిరి లెక్కపెడుతున్నామని చెప్పకూడదు, తెలిస్తే మనిషి తీరు మార్చేస్తాడు, అందుకే మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టే ఉంటాను. పసిపిల్లల లెక్క వేరు: రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, ఆ అంకె చేరితే వేగంగా ఉన్నట్టే. ఇది మన ఆశా వర్కర్లకి కూడా నేర్పిస్తారు.

ఇక ఎక్కడెక్కడ తప్పు చూపిస్తుందో చెబుతాను. లోపల ఎర్ర లైటు ఒకటి, కంటికి కనబడని ఇన్ఫ్రారెడ్ ఒకటి వేలిలోంచి పంపి, రక్తం ఎంత పీల్చుకుందో చూసి లెక్క కడుతుంది, కాబట్టి మధ్యలో ఏది అడ్డొచ్చినా గందరగోళమే. ఆషాఢంలో గోరింటాకు చేతులు, పెళ్లిళ్లప్పుడు నెయిల్ పాలిష్, పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల నల్లబడిన వేళ్లు. అలాంటప్పుడు నేను వేరే వేలికో కాలి వేలికో మారుస్తాను. చేపల వేటకెళ్లి తడిసి ఒడ్డుకొచ్చిన మనిషికైతే ముందు చేతులు తుడిచి రుద్ది వెచ్చబెట్టాలి, చల్లని వేలికి రక్తం సరిగా అందదు. మిట్టమధ్యాహ్నం ఎండలో పెడితే పైన తువ్వాలు కప్పండి. తెర మీద అంకె పక్కన నాడితో పాటు ఎగిరే గీత సమంగా ఎగరకపోతే ఆ అంకె కాగితం మీద రాయకండి. ఇంకొకటి, ఒంటి రంగు నలుపైతే ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉంది. మా దగ్గర ఎండలో కష్టపడేవాళ్లే ఎక్కువ, అందుకే 94 అని వస్తే 94లే కదా అని వదిలేయను.

మా వైపు ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బులు ఎక్కువ, ఆ మనుషుల విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. డయాలసిస్ చేయించుకునేవాళ్లలో చాలామందికి ఒక చేతిలో ఫిస్టులా ఉంటుంది, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషను చేసి రెండు రక్తనాళాలు కలిపిన చోటు. ఆ చేతికి బీపీ పట్టీ కట్టొద్దు, రక్తం గడ్డకట్టి ఫిస్టులా మూసుకుపోవచ్చు, అది పోతే వాళ్లకి మళ్లీ ఆపరేషను, మళ్లీ నెలల తరబడి ఎదురుచూపు. చొక్కా చేతులు పైకెత్తి చూడండి, వేలితో తాకితే జుమ్మని తెలుస్తుంది. ఆక్సీమీటర్ కూడా నేను రెండో చేతికే పెడతాను, ఫిస్టులా చేతి వేళ్లకి రక్తం తక్కువ అందొచ్చు. కొత్తగా వచ్చిన పిల్లలకి మొదటి రోజే ఇది చెబుతాను.

అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే ముసలమ్మలు, ఏళ్ల తరబడి ఆయాసంతో ఉన్నవాళ్లు, వీళ్లకి 90 ఉంటే కంగారుపడి ఆక్సిజన్ ఫుల్లుగా తిప్పేయకూడదు. ఊపిరితిత్తులు అలా పాడైనవాళ్లకి 88 నుంచి 92 మధ్య ఉంచితే చాలు. ఎక్కువ ఇస్తే లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగతలోకి వెళ్లిపోతారు.

సెల్స్ రెండు సన్నవి పడతాయి. వాడనప్పుడు తీసి పెట్టండి, నా దాంట్లో ఒకసారి కారి తుప్పు పట్టింది, నిమ్మరసంతో తుడిస్తే మళ్లీ పని చేసింది. కొనమంటారా అంటే, ఇంట్లో గుండె జబ్బో ఆయాసమో ఉన్నవాళ్లుంటే తప్పకుండా కొనండి. కొన్న రోజే గోడ గడియారం ముందు కూర్చుని, అమ్మ పడుకున్నాక ఆవిడ ఊపిరి నిమిషం పాటు ఒకసారి లెక్కపెట్టి రాసి పెట్టుకోండి.