1:18, 1:43, 1:64: మీ షెల్ఫ్‌కు ఏది మేలు?

కారు మోడళ్లు సేకరిద్దామనుకునేవాళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే: "ఏ స్కేలుతో మొదలుపెట్టమంటారు?" (స్కేలంటే అసలు కారులో మోడల్ ఎన్నో వంతో చెప్పే అంకె. 1:18 అంటే పద్దెనిమిదో వంతు.) నేను ఎదురు ప్రశ్న వేస్తాను: "మీ షెల్ఫ్ లోతెంత?" ఆ కొలత తీసినవాళ్లు నాకింకా తగల్లేదు. నేనూ తీయలేదు లెండి. అందుకే ఈమధ్య నా 1:18 కార్లన్నీ, ఒక్కటి తప్ప, ఇచ్చేసి 1:43కి మారాను.

లెక్క సులువే. నాలుగున్నర మీటర్ల అసలు కారు 1:18లో 25 సెంటీమీటర్లు, 1:43లో పదిన్నర, 1:64లో 7 అవుతుంది. పుస్తకాల షెల్ఫ్ లోతేమో మామూలుగా 25 నుంచి 30. అందులో 1:18 కారును ముఖం బయటికి పెట్టి నిలబెడితే బంపరు అంచుదాకా వచ్చేస్తుంది, చెయ్యి తగిలి పడిపోతుందేమోనని ఒకటే టెన్షన్. అడ్డంగా పెడితే మీటరు పొడవు షెల్ఫ్‌లో మూడు కార్లతో సరి. అదే షెల్ఫ్‌లో 1:43 కార్లు పక్కపక్కనే పదహారు పడతాయి. వెనక చిన్న మెట్టు వేసుకుంటే ఇంకో వరస.

అలాగని 1:18ని తీసిపారేయలేం. తలుపులు తెరుచుకుంటాయి, స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు తిరుగుతాయి, బానెట్ ఎత్తితే ఇంజిన్ కనిపిస్తుంది. 1:43లో ఆ సరదా దాదాపు ఉండదు. (1:18లోనూ రెజిన్‌తో, అంటే అచ్చులో పోసి గట్టిపరిచే ఒకరకం ప్లాస్టిక్‌తో, చేసిన మోడళ్లలో చాలావాటికి ఏదీ తెరుచుకోదు. డైకాస్టా, అంటే పోతపోసిన లోహమా, లేక రెజినా అని ముందే చూసుకోండి.) కానీ తెరుచుకునే ప్రతి తలుపూ దుమ్ముకు ఒక దారే. ఒకసారి గుడ్డతో తుడుస్తుంటే సైడ్ మిర్రర్ ఊడి గుడ్డతోపాటే వచ్చేసింది. సూపర్ గ్లూతో అతికించాను. తెల్లారి చూస్తే కిటికీ అద్దం మీద తెల్లగా మసక! ఆ గ్లూ ఆవిరే అలా పేరుకుంటుందట. అప్పటినుంచి దుమ్ముకు మెత్తటి మేకప్ బ్రష్షే, అతికించడానికి ఆరాక కనబడని తెల్ల జిగురే.

1:64 సంగతి వేరు. మ్యాచ్‌బాక్స్ 1953 నుంచి, హాట్ వీల్స్ 1968 నుంచి ఉన్నాయి. ఖర్చు తక్కువ, చోటు తక్కువ, వందైనా గోడకు తగిలించేయొచ్చు. నాకు నచ్చనిది ఒక్కటే. ఈ సైజు బొమ్మల్లో చాలావాటిని స్కేలుకు కాకుండా ప్యాకెట్‌లో పట్టేలా చేస్తారు. దాంతో ట్రక్కూ, బుల్లి కారూ ఒకే పొడవు తేలతాయి. విడిగా చూస్తే తెలియదు గానీ వరసలో పెడితే కంట్లో నలుసే. 1:43 అనే అంకె 'O' గేజ్ అనే సైజు బొమ్మరైళ్ల నుంచి వచ్చింది. రైలు పక్కన కారు నప్పాలి కాబట్టి కొలతకు మొదటినుంచీ విలువుంది. ఇప్పటి మంచి 1:43 మోడళ్లను పక్కపక్కన పెడితే ఏ కారు ఎంత చిన్నదో చూడగానే తెలుస్తుంది. నన్ను పడేసింది అదే.

1:24 ప్లాస్టిక్ కిట్లు అతికించుకునేవాళ్లకు బాగుంటుంది. 1:12 అంటారా, ఒక్కటి కొంటే టేబుల్ నిండిపోతుంది.

ఏ స్కేలైనా అద్దాల తలుపులున్న అల్మారాయే నయం. ఎండ నేరుగా పడకూడదు, ఎరుపు రంగు ముందు వెలిసిపోతుంది. ప్లాస్టిక్ స్టాండు మీద ఏళ్లతరబడి పెట్టేస్తే కొన్ని టైర్లు దాన్ని తినేసి నల్లటి గుంటలు చేస్తాయి. చక్రాలు స్టాండుకు ఆనకుండా మరలతో కాస్త ఎత్తి బిగిస్తే చాలు.

నా దగ్గర మిగిలిన ఆ ఒక్క 1:18 ఏదంటారా? మిర్రర్ ఊడిందే. అది ఎవరికీ అక్కర్లేకపోయింది. బానెట్ తెరిచి నా టేబుల్ మీద పెట్టుకున్నాను.