షేకరా, రాగిజావా, పెరుగన్నమా: ప్రొటీన్ పౌడర్ స్కూప్ ఎందులో పడితే మేలు?

బెంగళూరు మారతహళ్లిలో మా రూమ్ తలుపు తీస్తే ముందు పలకరించేది వాసన. రాత్రి జిమ్ బ్యాగులోనే మరిచిపోయిన షేకర్ (ప్రొటీన్ పౌడర్ కలుపుకునే సీసా) మూత పొద్దున తీస్తే పులిసిన పాల కంపు, దానికి తోడు చాక్లెట్. ఆ షేకర్ మా తమ్ముడిది, పిన్ని కొడుకు, మదనపల్లె నుంచి ఉద్యోగానికి వచ్చి ఏడాదవుతోంది. జిమ్‌లో ఆఖరి సెట్ అయిన అరగంటలో ఒక స్కూప్, అంటే డబ్బాలో వచ్చే గరిటెడు వే ప్రొటీన్ పౌడర్, కడుపులో పడకపోతే ఆ రోజు ఎత్తిన బరువులన్నీ బూడిదలో పోసిన పన్నీరే అని వాడి నమ్మకం. నేనేమో అదే పౌడర్‌ని టిఫిన్‌లోనో అన్నంలోనో కలిపేసుకునే రకం. మూడు నెలలు వాదించుకుని, ఒకరిది ఒకరు తాగి చూశాం కాబట్టి ధైర్యంగా రాస్తున్నా.

ముందు లెక్క చూద్దాం. నా బరువు 68 కిలోలు. మామూలుగా ఉండే పెద్దవాళ్లకు మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్, అంటే నాకు 56 గ్రాములు. బరువులెత్తేవాళ్లకు క్రీడా పోషణ నిపుణులు చెప్పేది 1.4 నుంచి 2 గ్రాములు, తక్కువలో తక్కువ వేసుకున్నా 95. మరి నేను తినేదేంటి? పొద్దున నాలుగు ఇడ్లీ, సాంబారు కలిపితే 10 గ్రాములు, మధ్యాహ్నం మెస్సులో అన్నం, పప్పు, పెరుగు కలిపి 20, రాత్రి మూడు చపాతీలు, కూర ఒక 15. మొత్తం 45. జిమ్‌కి వెళ్లనివాడికే చాలదు! ఇందులో అందరికన్నా పేదది పొద్దుటి టిఫిన్. స్కూప్ ఎప్పుడు వేసుకోవాలన్న ప్రశ్నకు నా జవాబు ఇక్కడే ఉంది, గడియారంలో కాదు.

అరగంట సంగతి కూడా తేల్చేస్తా. 2013లో అమెరికా వ్యాయామ పరిశోధకుడు షోన్‌ఫెల్డ్ బృందం అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, వ్యాయామం పక్కనే తాగారా లేదా అన్నదానికంటే రోజు మొత్తంలో ఎంత ప్రొటీన్ తిన్నారన్నదే ఎక్కువ తేడా చూపింది. సాయంత్రం నాలుగింటికి గుడ్లు తిని ఆరింటికి జిమ్‌కి వెళ్లినవాడి కడుపులో ఆ గుడ్లు ఇంకా అరుగుతూనే ఉంటాయి, కంగారేం లేదు.

అలాగని షేకర్‌ని తీసిపారేయను. పొద్దున ఆరింటికి ఖాళీ కడుపుతో జిమ్‌కి వెళ్లి, అక్కడి నుంచే ఆఫీసు క్యాబ్ ఎక్కి, ఔటర్ రింగ్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో కూర్చుని, మళ్లీ ఒంటిగంటకు గానీ అన్నం ముఖం చూడనివాళ్లు ఈ ఊళ్లో వేలమంది ఉంటారు. వాళ్లకు నీళ్లలో స్కూపే దిక్కు, అదే మేలు కూడా. ఇరవై సెకన్లలో 24 గ్రాముల ప్రొటీన్, నమిలే పని కూడా లేదు. దాని లోటు ఒకటే, ఆకలి తీరదు. మా తమ్ముడు షేక్ తాగిన గంటకే కింద బేకరీలో ఎగ్ పఫ్ తింటూ దొరుకుతాడు.

నా ఓటు మాత్రం రాగిజావకే. ముద్ద తినే ఊళ్లో రాగిపిండికి కొదవేముంది? కాకపోతే రాగిలో ప్రొటీన్ పెద్దగా ఉండదు, 30 గ్రాముల పిండికి రెండు గ్రాములే. అందుకే దానికి స్కూప్ తోడు కావాలి. మొదటిసారి పొయ్యి మీద కుతకుతలాడుతున్న జావలోనే పౌడర్ వేసేశా, విరిగిన పాలలా తెల్లటి తునకలు తేలాయి, అడుగున బంకలా ఉండ. వే అంటే అసలు ఛీజ్ చేయగా మిగిలే పాల నీటి నుంచి తీసేదే కదా, 70 డిగ్రీలు దాటితే గడ్డకట్టేస్తుంది. గడ్డకట్టినంత మాత్రాన ప్రొటీన్ ఎక్కడికీ పోదు, గుడ్డు ఉడకబెడితే పోతుందా? కానీ నోట్లో పెట్టుకోలేం. ఇప్పుడు చేసే పద్ధతి ఇది: జావ కాచి దింపి, వేలు పెడితే ఓర్చుకునేంత వేడికి రానిస్తా. ఈలోపు షేకర్‌లో చల్లటి పాలు పోసి స్కూప్ వేసి ఊపి, జావలో సన్నగా ధారగా పోస్తూ కలుపుతా. చాక్లెట్ రుచి అయితే కొంచెం బెల్లం. ఏ రుచీ లేని పౌడర్ అయితే పాల బదులు మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ. 200 మిల్లీ పాలతో లెక్కేస్తే గ్లాసుకు 32 గ్రాముల ప్రొటీన్, మధ్యాహ్నం దాకా ఆకలి మాట ఉండదు.

పెసరట్టు పిండిలో కలపమని చాలామంది చెబుతారు. కలిపా. అట్టు పెనానికి అతుక్కుంది, లోపల ఉడికేలోపు అంచులు నల్లబడ్డాయి, తింటే రబ్బరు సాగినట్టు. అయినా ఆ అవసరమేంటి? 100 గ్రాముల పెసల్లోనే 24 గ్రాముల ప్రొటీన్ ఉంది, రెండు పెద్ద అట్లకు 80 గ్రాముల పెసలు పట్టినా 19 వచ్చేస్తాయి. పెసరట్టు వేసుకున్న రోజు డబ్బా మూత తీయకండి, అంతే.

జిమ్‌కి ముందు తీసుకోవడమంటారా? నిండు స్కూప్ పాలలో తాగి పరిగెడితే కడుపులో బిందె కదిలినట్టు గుడగుడ. ముప్పావు గంట ముందు ఒకటో రెండో యాలక్కి (చిన్న రకం) అరటిపళ్లు, అంతగా కావాలంటే నీళ్లలో అరస్కూప్, అది చాలు. నీళ్లలో తాగినా ఉబ్బరం వస్తుంటే లాక్టోజ్ (పాలలోని చక్కెర) తక్కువుండే ఐసోలేట్ రకం వే పౌడర్ చూసుకోండి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. నేను కొన్న కిలో డబ్బా 2,500, స్కూప్‌కి 75 రూపాయలు పడింది. నాలుగు గుడ్లు తింటే అదే 24 గ్రాములు, గుడ్డు ఏడెనిమిది రూపాయలనుకున్నా సగం ఖర్చు కూడా కాదు. పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కండల కోసం ఈ పౌడర్ల జోలికి పోవద్దనే చెప్పింది. నేనూ రోజుకు ఒక్క స్కూప్ దాటను. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా అదీ వద్దు.

ఇక రాత్రి తొమ్మిదింటికి జిమ్ నుంచి వచ్చేవాళ్లకు నేను కనిపెట్టిన దారి పెరుగన్నం. నవ్వకండి. రుచి లేని పౌడర్‌ని ముందు రెండు గరిటెల పెరుగులో ఉండలు లేకుండా గిలకొట్టి, ఆరిన అన్నంలో కలిపి, పోపు చల్లారాక పైన వేసుకోండి, పులుపులో పౌడర్ జాడే తెలియదు. పైగా పెరుగులో ఉన్న కేసీన్ అనే పాల ప్రొటీన్ నిదానంగా అరుగుతుంది, రాత్రంతా పనిచేస్తుంది. వనిల్లా డబ్బాని మాత్రం పెరుగన్నం దరిదాపులకు రానివ్వకండి. ఆవకాయతో అది ఎలా ఉంటుందో చూపించాక మా తమ్ముడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.