సంగీతం ఎన్నింటికి ఆగుతుందో అడగండి: గోవాలో ఆరు రాత్రులు

మొదటి రాత్రి రెండున్నరకు మెలకువ వచ్చింది. పాటేమీ వినిపించడం లేదు. మంచం పక్క బల్ల మీద గాజు గ్లాసు మాత్రం సన్నగా వణుకుతోంది. ఫిబ్రవరి నెల, అదీ సోమవారం. వాగటోర్‌లో మేము దిగిన ఇల్లు క్లబ్బులున్న కొండవాలుకు దాదాపు కిలోమీటరు దూరం. పొద్దున్నే ఇంటావిడను, "ఆంటీ, రాత్రి దగ్గర్లో ఏదైనా ఫంక్షనా?" అని అడిగాను. "లేదు బేటా, మామూలు రోజే" అంది.

మేము నలుగురం, రెండు జంటలం. రెండు రాత్రులు వాగటోర్, ఒకటి మోర్జిమ్, రెండు దక్షిణాన అగోండా, తిరిగొచ్చే ముందు మళ్లీ ఒక రాత్రి వాగటోర్. మోపా విమానాశ్రయం కూడా వాగటోర్ లాగే ఉత్తర గోవాలో ఉంది కాబట్టి అలా పెట్టుకున్నాం. ఏ బస ఎలా ఉందో, ఎక్కడ తిండి బాగుందో రాసుకుందామని నోట్‌బుక్ తీశాను. ఆ పొద్దున ఆంటీతో మాట్లాడాక అందులో వేరే సంగతులు చేరాయి.

ముందు ఇంటి సంగతి. ఎర్ర పెంకుల పాత ఇల్లు, ముందు బల్కావ్ అనే అరుగు. వెనక మూడు గదులు అద్దెకిస్తారు. వారం మధ్యలో గదికి 2,200, శనివారం 3,500. గది శుభ్రంగా ఉంది, ఏసీ బాగా పనిచేసింది. స్నానాల గదిలో మాత్రం షవర్ తీసేసి బకెట్, చెంబు పెట్టారు. అంత డబ్బిచ్చి బకెట్ స్నానమా అని మొదట చిరాకు పడ్డాను. ఆంటీ నన్ను పెరట్లోకి తీసుకెళ్లి బావి చూపించింది. ఇదివరకు మే నెలలో కూడా తాడు ఇంత పొడుగు అక్కర్లేదట. ఇప్పుడు ఫిబ్రవరికే చాలడం లేదు.

గోవాలో ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో చాలా భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఎర్రటి జాంబిట్టి రాయి ఆ నీళ్లను పీల్చుకుని, మిగతా నెలలంతా మెల్లగా కింది బావుల్లోకి వదులుతుంది. కొండ పైభాగం చెక్కేసి విల్లాలు కడితే ఆ పీల్చుకునే చోటే పోతుంది. పైగా ఆ విల్లాల ఈతకొలనులకు నీళ్లు కావాలి. కింద ఎవరో ఒకరు తమ బావి నుంచి ట్యాంకర్లకు అమ్ముతారు. "వాడి బావి వాడిదే, కానీ భూమి లోపల గోడల్లేవు కదా" అంది ఆంటీ. ఆ తర్వాత నాకు బకెట్ మీద కోపం రాలేదు.

చప్పుడు గురించి ఆవిడ చెప్పిన సంగతి నన్ను ఎక్కువగా కదిలించింది. వాళ్ల అబ్బాయి పనే సౌండ్ సిస్టమ్ బిగించడం. సీజన్ ఆరు నెలల సంపాదనతో ఇల్లు గడుస్తుంది. అమ్మకు నిద్ర పట్టకుండా చేసే స్పీకర్లకు వైర్లు కలిపేది కొడుకే. "టూరిస్టులు వద్దని నేను అననమ్మా, అంటే మేం తినేదేమిటి? పది గంటలకు ఆపమంటున్నాను, అంతే." ఈ మాట ఆ ఆరు రోజుల్లో కనీసం నలుగురి నోట విన్నాను, కొద్ది తేడాలతో.

అది వాళ్లు కొత్తగా కోరుతున్నదీ కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. ఏడాదికి 15 రోజులకు మించకుండా, పండుగల వంటి సందర్భాల్లో అర్ధరాత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలించవచ్చు. ఇళ్లున్న ప్రాంతంలో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. వాగటోర్, అంజునా జనం ఈ విషయం మీద బొంబాయి హైకోర్టు గోవా ధర్మాసనం దాకా వెళ్లారు. అయితే ఇంకో చిక్కు ఉంది. ఆ కొలత మనిషి చెవిని అనుసరించి ఉంటుంది కాబట్టి లోతైన బేస్ శబ్దాన్ని తగ్గించి లెక్కిస్తుంది. గోడలు దాటి కిలోమీటరు దూరం వచ్చేది ఆ బేసే. పాట అక్కడే ఆగిపోతుంది, దడదడ మాత్రం మంచం దాకా వస్తుంది. మీటరులో అంకె చిన్నదే కనిపించవచ్చు, గ్లాసు మాత్రం వణుకుతూనే ఉంటుంది.

దాచడం ఎందుకు, రెండో రాత్రి మేము కూడా క్లబ్బుకు వెళ్లాం. సముద్రం కనిపించే చోటు, మంచి సంగీతం, చాలాసేపు డాన్స్ చేశాం. పార్టీ చేసుకోవడం తప్పని నేను అనుకోను. అర్ధరాత్రి దాటాక బయటికొచ్చి స్కూటర్ దగ్గర నిలబడినప్పుడు ఆంటీ ఇంటి వైపు చూశాను. ఇక మళ్లీ క్లబ్బులోకి వెళ్లబుద్ధి కాలేదు.

ఆ ఊళ్లో తెల్లవారేది పొదేర్ హారన్‌తో. రొట్టెలు అమ్మే ఆయన సైకిల్ మీద పోం పోం అంటూ వస్తాడు. 'పోయి' అనే గోవా రొట్టె వేడివేడిగా కొనుక్కుని అరుగు మీదే తిన్నాం, ఆరు రోజుల్లో నాకు బాగా నచ్చిన టిఫిన్ అదే. ఆ హారన్ వల్ల నిద్ర చెడుతోందని అద్దెకు దిగినవాళ్లు రెండుసార్లు ఫిర్యాదు చేశారట. చెబుతుంటే ఆంటీ గొంతులో బాధ తెలిసింది.

బుధవారం అంజునా సంత చూసి (ఎండ ఎక్కువ, బేరం తప్పదు, రెండు గంటలు చాలు) మోర్జిమ్ చేరాం. ఇక్కడి బస చెక్క కాటేజీ, 4,000 రూపాయలు. ఇసుక తిన్నెను ఆనుకుని ఉంది, ఫొటోల్లో చూసినంత అందంగానూ ఉంది. అయినా నేను ఎవరికీ సిఫారసు చేయను. ఎందుకంటే చీకటి పడగానే బీచ్ మీదికి ఫ్లడ్‌లైట్లు వేశారు. మోర్జిమ్, మాండ్రెమ్, అగోండా, గల్జిబాగ్ బీచ్‌లను 2011 తీర ప్రాంత నోటిఫికేషన్‌లోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లుగా పేర్కొన్నారు. గుడ్లలోంచి బయటికొచ్చిన పిల్లలు రాత్రివేళ వెలుగు ఎటు ఎక్కువుంటే అటు పాకుతాయి. ఏ దీపాలూ లేనప్పుడు ఆ వెలుగు సముద్రం వైపే ఉంటుంది. ఫ్లడ్‌లైటు వేస్తే రెస్టారెంటు వైపు పాకి, కాకులకూ కుక్కలకూ దొరికిపోతాయి.

లైట్లు ఆర్పమని మేనేజర్‌ను అడిగాం. గెస్టులు బీచ్ కనిపించాలంటారు మేడమ్ అని, చివరికి మా కాటేజీ ముందున్నది ఒక్కటి ఆర్పాడు. తెల్లవారి పడవ దగ్గర వల బాగుచేసుకుంటున్న పెద్దాయన పక్కన కూర్చున్నాం. రాంపణ్ వల, అంటే ఒడ్డు నుంచి పదుల మంది కలిసి లాగే పెద్ద వల వేసేవాళ్ల కుటుంబం ఆయనది. వలలో చేపలతో పాటు ప్లాస్టిక్ కప్పులు, సీసాలు వస్తున్నాయన్నాడు. అరికాలు తిప్పి గాజు పెంకు కోసిన గుర్తు చూపించాడు. 2019లో చట్టం సవరించి బీచ్ మీద మద్యం తాగడం, సీసాలు పగలగొట్టడం నిషేధించారు. మేము కూర్చున్న చోటికి పది అడుగుల్లోనే మూడు సీసా ముక్కలు ఏరాను.

చెత్త విషయంలో ప్రభుత్వం ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. సాలిగావ్‌లో 2016 నుంచి పెద్ద శుద్ధి కేంద్రం నడుస్తోంది. కానీ తడి, పొడి వేరు చేసి ఇస్తేనే దానికి పని సులువు. ఆంటీ గదిలో రెండు బుట్టలు పెట్టింది, మోర్జిమ్ కాటేజీలో ఒక్కటే నల్ల సంచి. 2011 లెక్కల్లో 15 లక్షల జనాభా కూడా లేని రాష్ట్రానికి ఏటా అంతకు ఎన్నో రెట్ల మంది వచ్చిపోతారు. ఆ నల్ల సంచులన్నీ ఎవరో ఒకరు విప్పి వేరు చేయాల్సిందే.

గురువారం మాపుసా, పణజి, మడగావ్, కాణకోణ మీదుగా బస్సులు మారుతూ అగోండా వెళ్లాం. పణజి నుంచి మడగావ్‌కు గోవా ప్రభుత్వ కదంబ సంస్థ షటిల్ బస్సు హాయిగా ఉంటుంది, టాక్సీకి ఇచ్చేదాంట్లో చిన్న వంతు కూడా కాలేదు. టైమ్ ఉన్నవాళ్లు తప్పకుండా అలాగే వెళ్లండి.

అగోండాలో చెక్క గుడిసె 2,500. ఫ్యాన్ మాత్రమే. సీజన్ అయ్యాక ఈ గుడిసెలు విప్పి కట్టకట్టి పెట్టుకుంటారు, అక్టోబరు నాటికి మళ్లీ బిగిస్తారు. ఓనర్ కుటుంబమంతా ఆ పని చేస్తుందట. రాత్రి భోజనం దగ్గర దీపాలు సన్నగా, నేల వైపు తిప్పి ఉన్నాయి. బీచ్ మీద అటవీ శాఖ కంచె వేసి గుడ్లను కాపాడుతోంది. ఒక్కో చోట చిన్న పలక మీద తేదీ, గుడ్ల లెక్క రాసి ఉంది. టార్చ్ వేయొద్దని కాపలా అతను చెప్పాడు, ఫోన్లు జేబులో పెట్టుకుని చీకట్లోనే నడిచాం. ఐదు నిమిషాల్లో కళ్లు అలవాటు పడ్డాయి. లోపం కూడా చెప్పాలి: వాగు సముద్రంలో కలిసే చోట మురుగు వాసన వచ్చింది. గుడిసెలు పెరిగే కొద్దీ సెప్టిక్ గుంతలు పెరుగుతాయి కదా.

దగ్గర్లోని పాలోలెంలో హెడ్‌ఫోన్ పార్టీకి వెళ్లాం. అందరి చెవుల్లో పాట, బయట అలల చప్పుడు. పది గంటల నియమాన్ని పాటిస్తూ కూడా తెల్లవార్లూ ఆడవచ్చన్నమాట. వాగటోర్‌లో కంటే తక్కువ ఆనందించామని మా నలుగురిలో ఒక్కరూ అనలేదు. 2024లో ఒక పెద్ద ఎలక్ట్రానిక్ సంగీత ఉత్సవాన్ని దక్షిణ గోవాకు తేవాలన్నప్పుడు ఇటువైపు జనం గట్టిగా వ్యతిరేకించారు. అది చివరికి ఉత్తరాన ధార్‌గళ్‌లో జరిగింది. "మేం అంజునా చూశాం, ఇక్కడ అలా వద్దు" అని గుడిసె ఓనరమ్మ చెప్పింది. ఆవిడ బతుకూ టూరిస్టుల మీదే.

ఇప్పుడు బస బుక్ చేసే ముందు ఫోన్ చేసి మూడు అడుగుతున్నాను: నీళ్లు బావివా, ట్యాంకరువా? చెత్త ఎన్ని బుట్టల్లో వేస్తారు? సంగీతం ఎన్నింటికి ఆగుతుంది? ఆంటీ మూడింటికీ సూటిగా జవాబిస్తుంది. మూడో జవాబు ఆవిడ చేతిలో లేదు.

శనివారం సాయంత్రం వాగటోర్ తిరిగొచ్చేసరికి ఇంటికి తాళం. ఫోన్ చేస్తే, తాళంచెవి తులసి కోట ఉన్న పక్కింటి వాళ్ల దగ్గర ఉందని ఆంటీ చెప్పింది. తను దివార్ దీవిలో చెల్లెలి ఇంట్లో ఉందట. శనివారం రాత్రులు అక్కడే పడుకుని, ఆదివారం పొద్దున పూజకు చర్చికి వెళ్లి, మధ్యాహ్నానికి వస్తుంది. "మీరు తలుపులు గట్టిగా వేసుకోండి బేటా, కిటికీకి దుప్పటి కడితే కొంచెం తగ్గుతుంది" అంది. మేము దుప్పటి కట్టాం.